ఒక్క కంప్యూటరుకే తలుపు: ఇంటి నెట్‌వర్కులో వెబ్‌సైటులను ఆపు పద్ధతి, దాని చరిత్ర

మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల వద్ద నిజాంసాగరు ఆనకట్ట నిర్మాణమును 1923లో ఆరంభించి 1931లో ముగించినారు. ఆ పనిని నడిపిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహాదూరు. సుమారు 2,75,000 ఎకరముల భూమికి నీరందించుట ఆ పథకపు ఉద్దేశము. ఆ నీటి బలముననే బోధను ప్రాంతమున చెరకు సాగు విస్తరించినది; 1937లో అచట నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడినది. ఫ్యాక్టరీ 2015లో మూతపడినది గాని, కాలువ మాత్రము నేటికిని ఆ పల్లెల నడుమనే ఉన్నది.

ఆ కాలువ ఏర్పాటును గమనించినవారికి ఒక విషయము తెలియును. ఆనకట్ట వద్ద గేట్లు ఉన్నవి. ప్రధాన కాలువ నుండి ఉపకాలువ చీలినచోట షట్టరు ఉన్నది. పిల్లకాలువ నుండి పొలమునకు తూము ఉన్నది. ఒక రైతు మడికి నీరు చాలినప్పుడు ఆ తూమును మూసిన చాలును. ఆ ఒక్క మడి కొరకు ఉపకాలువ షట్టరు దించినచో ఊరి పొలములన్నియు ఎండును. ఆనకట్ట గేట్లు దించినచో ఆయకట్టు అంతయు ఎండును. కాబట్టి నీటిని ఆపువాడు ముందుగా తేల్చుకొనవలసినది, ఎచట ఆపవలెనను సంగతి.

నేడు నిజామాబాదులోను, బోధనులోను అనేకుల ఇండ్లకు మరియొక కాలువ వచ్చినది. అది ఇంటర్నెట్టు. ఇంటికి వచ్చు తీగ ఒక్కటే. దానిని ఇంటిలోని పరికరములకు పంచిపెట్టునది రౌటరు అను చిన్న పెట్టె. ఒక ఇంటిని ఊహింతము. తండ్రికి అంగడి లెక్కలు వ్రాయు కంప్యూటరు గలదు. కళాశాలలో చదువు కూతురికొకటి, తొమ్మిదవ తరగతి చదువు కుమారునికొకటి గలవు. కుమారుడు రాత్రి పొద్దుపోవువరకు కొన్ని ఆటల వెబ్‌సైటులను చూచుచున్నాడు. ఆ వెబ్‌సైటులు ఆ ఒక్క కంప్యూటరులోనే తెరచుకొనరాదు. ఆ కంప్యూటరులో తక్కినవన్నియు తెరచుకొనవలెను. తక్కిన రెండు కంప్యూటరులకు ఏ అడ్డును ఉండరాదు. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. కాని ఈ చిన్న పనిలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. ఆ కంప్యూటరును గుర్తించుట ఎట్లు? ఆ వెబ్‌సైటును గుర్తించుట ఎట్లు? తలుపును ఎచట పెట్టవలెను? ఈ మూడింటికిని ఒక్కనాడు సమాధానము దొరకలేదు. సుమారు అరువది సంవత్సరముల కృషి వానివెనుక ఉన్నది.

ప్రతి బొట్టుపై చిరునామా

కాలువ నీటిలో ఏ బొట్టు ఏ మడికి పోవునో బొట్టుపై వ్రాసి ఉండదు. ఇంటర్నెట్టునకు అట్టి వ్రాత ఉన్నది. 1960 దశకమున అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ అను శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఒక ఆలోచన చేసినారు. సందేశమును చిన్న తునకలుగా కోసి, ఒక్కొక్క తునకపై ఎచటికి పోవలెనో వ్రాసి, దొరికిన దారిన పంపవచ్చునని వారి భావము. ఆ తునకకు ప్యాకెట్టు అను పేరు పెట్టినవాడు డేవిస్. ఈ పద్ధతిపై ఏర్పడిన ఆర్పానెట్ అను నెట్‌వర్కులో మొదటి సందేశము 1969 అక్టోబరు 29న నడచినది.

1981లో ప్రకటించిన నియమావళి ప్రకారము ప్రతి ప్యాకెట్టు తలపైన రెండు సంఖ్యలుండును. ఒకటి పంపినవాని ఐ.పి. అడ్రసు, రెండవది అందుకొనువాని ఐ.పి. అడ్రసు. ఒక్కొక్కటి 32 బిట్ల సంఖ్య; కనుక సుమారు 429 కోట్ల అడ్రసులు సాధ్యమగును. పోస్టుకార్డుపై ఇరువురి చిరునామాలు ఉన్నట్లే ఇదియును. ఎవరి నుండి ఎవరికి అను సంగతి ప్రతి ప్యాకెట్టుపై ఉన్నందువలననే, ప్రవాహము నంతటిని ఆపకుండ కొన్ని ప్యాకెట్లను మాత్రమే ఏరి ఆపుటకు వీలు కలిగినది. ఈ వీలు ఎవరినో అడ్డగించుటకై కల్పించినది కాదు. ప్యాకెట్టును సరియైనచోటికి చేర్చుటకై వ్రాసిన చిరునామాయే పిమ్మట దానిని ఆపుటకును పనికివచ్చినది.

పేర్ల పట్టిక

మనుష్యులకు సంఖ్యలకన్న పేర్లు సులభముగా గుర్తుండును. అందుచే ఆర్పానెట్ కాలముననే ఏ పేరు ఏ సంఖ్యకు చెందినదో తెలుపు ఒక పట్టికను తయారు చేసినారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన కార్యాలయము దానిని నిర్వహించెడిది. దాని పేరు హోస్ట్స్ ఫైలు. ప్రతి కంప్యూటరువారును ఆ పట్టిక నకలును తెచ్చుకొనెడివారు. కంప్యూటరులు పెరిగినకొలది ఆ పద్ధతి భారమైనది. 1983లో పాల్ మొకపెట్రిస్ దానికి మారుగా డి.ఎన్.ఎస్. అను ఏర్పాటును రూపొందించినాడు. అందులో పేర్ల పట్టిక ఒక్కచోట నుండక అనేక సర్వరులలో పంపకమై ఉండును; కంప్యూటరు అవసరమైనప్పుడు అడిగి తెలిసికొనును.

పాత పట్టిక మాత్రము చెరిగిపోలేదు. నేటి కంప్యూటరులలో కూడ హోస్ట్స్ ఫైలు ఉన్నది, సాధారణముగా డి.ఎన్.ఎస్.ను అడుగుటకు ముందే కంప్యూటరు దానిని చూచును. వెబ్‌సైటును ఆపు ఉపాయములలో ఇది మిక్కిలి సులభమైనది. ఆ ఫైలులో వద్దనుకొన్న వెబ్‌సైటు పేరు ఎదుట 127.0.0.1 అను సంఖ్యను వ్రాయవలెను. ఆ సంఖ్యకు అర్థము ‘ఈ కంప్యూటరే’ అని. అప్పుడు కంప్యూటరు ఆ వెబ్‌సైటును వెదకుచు తన తలుపునే తట్టి, బదులు లేక ఊరకుండును.

ఈ పద్ధతి ఆ ఒక్క కంప్యూటరుకే వర్తించును. అది దీని గుణము. దోషములు రెండు. ఒక వెబ్‌సైటుకు అనుబంధముగా ఎన్ని పేర్లున్న అన్నిటిని విడివిడిగా వ్రాయవలెను. కంప్యూటరుపై పూర్తి అధికారము గల ఎవరైనను ఒక్క నిమిషములో ఆ వ్రాతను తుడిచివేయవచ్చును. తూము తాళపుచెవిని ఆ మడి వానికే ఇచ్చినట్లగును.

ద్వారము వద్ద కావలి

1988 నవంబరు 2న అమెరికాలో ఒక విద్యార్థి వదలిన ప్రోగ్రాము తనంతట తానే కంప్యూటరు నుండి కంప్యూటరుకు ప్రాకి, ఇంటర్నెట్టులోని వేలాది కంప్యూటరులను స్తంభింపజేసినది. దానినే మోరిస్ వర్మ్ అందురు. ప్రతి కంప్యూటరుకు ప్రత్యేకముగా కావలి పెట్టుటకన్న, సంస్థకు వచ్చు దారిలోనే ఒక కావలి పెట్టుట మేలను అభిప్రాయము ఆ సంఘటనతో బలపడినది. 1989లో జెఫ్రీ మోగల్ అను ఇంజనీరు, ద్వారమున నిలచి ప్రతి ప్యాకెట్టు చిరునామాను చదివి, ముందుగా వ్రాసిన నియమములతో పోల్చి, పంపుటో ఆపుటో చేయు ఒక ప్రోగ్రామును వివరించినాడు. ఇట్టి కావలికి ఫైర్‌వాల్ అను పేరు స్థిరపడినది.

ఈ కావలి నియమములను వరుసగా చదువును. మొదట సరిపోయిన నియమము ప్రకారము నడచును, తక్కినవానిని చూడదు. కాబట్టి ‘అందరిని పోనిమ్ము’ అను నియమము ముందుండి, ‘ఈ కంప్యూటరును ఆపుము’ అనునది వెనుక ఉన్నచో రెండవది ఎన్నడును పనిచేయదు. ఈ క్రమమును మరచినవారు నేటికిని తికమకపడుచుందురు.

ఇంటికి వచ్చిన కావలి

1990 దశకమున కంప్యూటరుల సంఖ్య పెరిగి, 429 కోట్ల అడ్రసులు చాలవను భయము పుట్టినది. 1994లో న్యాట్ అను ఉపాయమును ప్రకటించినారు. దీని ప్రకారము ఇంటి వెలుపలకు ఒకే అడ్రసు కనిపించును. లోపల ఎన్ని కంప్యూటరులున్నను రౌటరు వానికి లోపలి అడ్రసులిచ్చి, రాకపోకలను తారుమారు కాకుండ సరిచూచును. ఇట్టి లోపలి అడ్రసులకై కొన్ని సంఖ్యలను ప్రత్యేకించినారు. ఇండ్లలో తరచు కనిపించు 192.168 తో మొదలగు సంఖ్యలు అట్టివే.

దీనివలన ఒక ముఖ్యమైన ఫలితము కలిగినది. వీధి చివర నిలచిన వానికి ఆ ఇల్లంతయు ఒకే సంఖ్య. ఇంటర్నెట్టు ఇచ్చు కంపెనీకి గాని, ప్రభుత్వమునకు గాని సాధారణముగా ఆ సంఖ్య వెనుక ఉన్నది తండ్రి కంప్యూటరా, కుమారునిదా అను భేదము కనిపించదు. ఆ భేదము తెలిసినది ఇంటి రౌటరు ఒక్కదానికే. ఒక్క కంప్యూటరుకు తలుపు పెట్టవలెనన్న ఆ కంప్యూటరులో పెట్టవలెను, లేదా ఇంటి రౌటరులో పెట్టవలెను. అంతకు పైన ఎచట పెట్టినను అది ఇల్లంతటికిని తగులును.

రౌటరు కంప్యూటరును గుర్తించుటలో ఒక చిక్కు ఉన్నది. 1993లో వచ్చిన డి.హెచ్.సి.పి. అను పద్ధతి ప్రకారము రౌటరు లోపలి అడ్రసులను కొంత గడువుకు మాత్రమే ఇచ్చును. నేడు కుమారుని కంప్యూటరుకు ఉన్న సంఖ్య కొన్నాళ్లకు కూతురి కంప్యూటరుకు రావచ్చును. అందుచే మారని గుర్తు ఒకటి కావలసియున్నది. 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో పుట్టిన ఈథర్‌నెట్ పద్ధతి దానిని సమకూర్చినది. 1980లో ప్రకటించిన దాని నియమముల ప్రకారము ప్రతి పరికరమునకు 48 బిట్ల మ్యాక్ అడ్రసు ఉండును. ఇట్టి సంఖ్యలు సుమారు 281 లక్షల కోట్లు సాధ్యమగును. ‘ఈ మ్యాక్ అడ్రసు గలదానికి ఎల్లప్పుడును ఈ లోపలి సంఖ్యనే ఇమ్ము’ అని రౌటరుకు చెప్పి ఉంచవచ్చును.

2001 జనవరిలో వెలువడిన లినక్స్ 2.4 లో, రస్టీ రసెల్ మొదలగువారు నిర్మించిన కొత్త ప్యాకెట్టు కావలి చేరినది. దాని ప్రతిని ఎవరైనను ఉచితముగా వాడవచ్చును. 2002 డిసెంబరులో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యు.ఆర్.టి. 54 జి అను ఇంటి రౌటరును అమ్మకమునకు తెచ్చినది. అందులోపల నడచునది లినక్సే. ఆ రౌటరు పుటలలో ఒకచోట కంప్యూటరుల జాబితాను, వారములను, గంటలను, ఆపవలసిన వెబ్‌సైటుల పేర్లను వ్రాయుటకు గడులు ఉండెడివి. ఒకప్పుడు పరిశోధనశాలలకు, పెద్ద సంస్థలకు పరిమితమైన పని ఇట్లు ఇంటి అలమారులోనికి వచ్చినది. ఇది కాలువలపై రైతులెరిగిన వారబందీ వంటిదే: ఏ తూము, ఏ దినము, ఏ గంట.

పెద్ద గేటు దించినప్పుడు

తలుపును తగినచోట పెట్టనప్పుడు ఏమగునో మన దేశపు చరిత్రలోనే కనిపించును. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ ప్రజలకు ఇంటర్నెట్టును అందించుట ఆరంభించినది. 2003 సెప్టెంబరులో మేఘాలయకు సంబంధించిన ఒక చిన్న యాహూ గ్రూపును ఆపవలెనని ప్రభుత్వము ఆదేశించినది. ఆ ఒక్క గ్రూపును వేరుచేసి ఆపు సాధనము కంపెనీల వద్ద లేకపోయినది. వారు యాహూ గ్రూపుల నన్నిటిని ఆపివేసినారు. ఆ గొడవతో ఏ సంబంధమును లేని వేలాది గ్రూపులకు దేశమున దారి మూసికొనిపోయినది.

2006 జూలైలో మరల అదే జరిగినది. ఇరువది కన్న తక్కువ పుటలను పేర్కొని వానిని ఆపవలెనని ఉత్తర్వు వచ్చినది. వానిలో కొన్ని బ్లాగ్‌స్పాట్ అను స్థలమున ఉన్నవి. అనేక కంపెనీలు బ్లాగ్‌స్పాట్ నంతటిని ఆపినవి. తెలుగులో బ్లాగులు మొలకెత్తుచున్న కాలమది. ఆ మొలకలలో పెక్కులు ఆ మడిలోనే ఉండెను. చెప్పిన పుటలను మాత్రమే ఆపవలెనని ప్రభుత్వము పిమ్మట కంపెనీలకు తెలుపవలసివచ్చినది.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాను టెలికాం సంస్థ తన దేశమువరకు యూట్యూబును ఆపదలచినది. యూట్యూబుకు దారి తన వైపే ఉన్నదను తప్పుడు దారి సమాచారమును లోపల ప్రకటించినది. అది సరిహద్దు దాటి బయటకు పొక్కినది. ఇతర దేశముల రౌటరులు దానిని నమ్మి ప్యాకెట్లను అటే పంపినవి. సుమారు రెండు గంటలపాటు ప్రపంచమున అనేక దేశములలో యూట్యూబు అందలేదు.

ఈ మూడు సందర్భములలోను ఆపదలచినది కొంచెము. ఆగినది చాల ఎక్కువ. తలుపు ఎంత ఎగువన ఉన్న దిగువ నష్టము అంత విస్తరించును. మన దేశమున ఇట్టి ఉత్తర్వులకు సమాచార సాంకేతిక చట్టపు 69ఎ సెక్షను ఆధారము. అది 2009లో అమలులోనికి వచ్చినది. 2015 మార్చి 24న సుప్రీముకోర్టు శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున దానిని నిలబెట్టుచు, అందులో కారణములను వ్రాతమూలకముగా నమోదు చేయవలెనను రక్షణ ఉన్నదని గుర్తు చేసినది. ఆపుటకు కారణము చెప్పవలెనను సూత్రము దేశమునకే కాదు, ఇంటికిని మంచిదే.

కవరులోని ఉత్తరము

వెబ్‌సైటులు పుట్టిన తొలినాళ్లలో వాని రాకపోకలు తెరచిన పోస్టుకార్డువలె ఉండెడివి. రౌటరు పుట పేరును పూర్తిగా చదువగలిగెడిది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ రహస్య లిపి పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టినది. దానినుండి వికసించిన పద్ధతులు క్రమముగా సర్వత్ర వ్యాపించినవి. నేడు పుట పేరు, అందలి విషయము కవరులో మూసి ఉండును. రౌటరుకు మామూలుగా కనిపించునది కవరుపై ఉన్న వెబ్‌సైటు పేరు మాత్రమే. కాబట్టి ఒక వెబ్‌సైటులో ఒక పుటను ఆపి మరియొకదానిని విడుచుట రౌటరు వలన కాదు.

ఈ పరిమితి ఎంత గట్టిదో 2020లో తెలిసినది. కరోనా కారణమున పాఠశాలలు మూతపడగా, తెలంగాణ రాష్ట్రమున 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములను ప్రసారము చేసినారు. టీ-శాట్ పాఠములు యూట్యూబులోను లభించినవి. పాటలు, హాస్యము, ఆటల వీడియోలు కూడ అచటనే ఉన్నవి. కుమారుడు ఆటలు చూడరాదని ఆ ఇంటి తండ్రి రౌటరులో యూట్యూబును ఆపినచో గణిత పాఠము కూడ ఆగును. 2006లో కంపెనీలు చేసిన పొరపాటు ఒక ఇంటిలో మరల జరిగినట్లే. అట్టిచోట రౌటరు తలుపు తగదు. ఆ వెబ్‌సైటులోనే ఉన్న పిల్లల ఏర్పాటులను వాడుట తగును.

తలుపును దాటు ఉపాయములు కూడ పెరిగినవి. 2018లో వచ్చిన నియమము ప్రకారము పేరు అడుగు ప్రశ్నయే కవరులో పోవచ్చును. అప్పుడు రౌటరు దానిని చదువజాలదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఫోను వ్యవస్థ, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత మ్యాక్ అడ్రసును చూపుచున్నవి. బజారులలో మనుష్యుల జాడ తీయువారినుండి కాపాడుటకై వచ్చిన సదుపాయమే, ఇంటి రౌటరు గుర్తునకు చిక్కు తెచ్చినది.

నేటి విధానము

ఈ చరిత్రను బట్టి పని క్రమము తేటపడును. మొదట కుమారుని కంప్యూటరు మ్యాక్ అడ్రసును తెలిసికొని, కల్పిత అడ్రసు సదుపాయము ఉన్నచో ఆ ఇంటి వైఫైకి మాత్రము దానిని నిలిపివేయవలెను. పిమ్మట రౌటరులో ఆ అడ్రసుకు స్థిరమైన లోపలి సంఖ్యను కేటాయించవలెను. తరువాత ఆ సంఖ్య పేర, ఆపవలసిన వెబ్‌సైటుల పేర్లతోను గంటలతోను నియమము వ్రాసి, దానిని సాధారణ అనుమతి నియమమునకు ముందు ఉంచవలెను. బ్రౌజరులో రహస్య డి.ఎన్.ఎస్. ఉన్నదేమో చూడవలెను. రౌటరు సంకేతపదమును కొన్ననాటిదిగా ఉంచక మార్చవలెను. తుదకు రెండు పరీక్షలు చేయవలెను: కుమారుని కంప్యూటరులో ఆ వెబ్‌సైటు మూసికొన్నదా? తక్కిన రెండింటిలో తెరచుకొనుచున్నదా? రెండవ పరీక్షను పెక్కుమంది మరచెదరు. కాని పొరుగు మడి ఎండలేదని తెలియునది దానివలననే.

ఇంత చేసినను ఒక సంగతి మిగులును. కాలువ తూము మూసినను బోరుబావి ఉన్న రైతుకు నీరు దొరకును. అట్లే ఫోనులోని మొబైలు డేటా ఇంటి రౌటరుగుండ పోదు. ఫోను నుండి కంప్యూటరుకు ఆ డేటాను పంచుకొన్నచో రౌటరు తలుపునకు పని లేదు. ఏ తలుపైనను తనగుండ పోవు ప్రవాహమునే ఆపగలదు.

అందుచే తలుపు ఒక సహాయమే గాని పరిష్కారము కాదు. నలుగురు చూచుచుండగా, కారణము తెలిపి, గడువు చెప్పి తూము మూసినచో రైతు తన వంతుకై వేచియుండును. రాత్రి చాటుగా మూసినచో గండి కొట్టును. పరీక్షలు ముగియువరకు రాత్రి తొమ్మిది గంటల తరువాత ఈ నాలుగు వెబ్‌సైటులు తెరచుకొనవని కుమారునికి ముందే చెప్పి, పరీక్షలు ముగిసిననాడు ఆ నియమమును అతని ఎదుటనే తీసివేయుట ఆ తండ్రి చేయదగిన పని.